పెరట్లో ఆలుగడ్డ: చలి రాత్రుల పంట



వానలు వెనకబడ్డాయి. పెరట్లో బెండ ముదిరింది, బీరపాదు ఎండుముఖం పట్టింది. ఏదో ఒక మడి ఖాళీ అయ్యే రోజులివి. ఆ మడిలో ఏం పెడదామా అని చూస్తున్నవాళ్ళకు ఈ పూట బంగాళాదుంప గురించి చెబుతాను. మీ ఇంట్లో ఆలుగడ్డ అనండి, ఉర్లగడ్డ అనండి, పద్ధతి మాత్రం ఒకటే.

ఏడాది పొడుగునా బజార్లో దొరికేదానికి ఇంత శ్రమ దేనికని మీకు అనిపించవచ్చు. మనం కొనే దుంప చాలాసార్లు నెలల తరబడి శీతల గిడ్డంగిలో, 2 నుంచి 4 డిగ్రీల చలిలో పడి ఉండి వస్తుంది. అంత చలికి దుంపలోని పిండి కొంత చక్కెరగా మారుతుంది. అందుకే ఒక్కోసారి వేపుడు చేస్తుంటే ముక్క లోపల ఉడక్కముందే పైన మాడుతుంది. కూర తింటే నాలిక్కి తీపి తగులుతుంది. అప్పుడే తవ్విన దుంపలో ఆ తీపి ఉండదు. సంక్రాంతి వెళ్ళాక పెరట్లోంచి తెచ్చిన దుంపను ఉడకబెట్టి, పొట్టు తీసి, ఉప్పూ మిరియాలపొడీ చల్లుకుని ఒకసారి తిని చూడండి. మళ్ళీ ఏడాది విత్తనం కోసం మీరే వెతుక్కుంటారు.

ఇది కష్టమైన పంట కాదు. కానీ రెండు విషయాల్లో అస్సలు రాజీపడదు. ఒకటి చలి, రెండోది చీకటి. రాత్రిళ్ళు చల్లగా ఉండాలి, మట్టిలో దుంపకు వెలుతురు తగలకూడదు. ఈ రెండూ మనసులో ఉంచుకుంటే ఎప్పుడు నాటాలి, మట్టి ఎందుకు ఎగదోయాలి, తవ్వాక ఎక్కడ పెట్టాలి అన్నవాటికి జవాబులు మీకే తోస్తాయి.

ముందు చలి సంగతి. ఈ మొక్క పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండలు. ఇప్పటి పెరూ, బొలీవియా దేశాల మధ్య, సముద్రమట్టానికి 3,800 మీటర్ల ఎత్తున టిటికాకా సరస్సు ఉంది. ఆ చుట్టుపక్కల జనం వేల ఏళ్ళ కిందటే దీన్ని అడవి నుంచి పొలంలోకి తెచ్చారు. 16వ శతాబ్దంలో స్పెయిన్ వాళ్ళ ద్వారా యూరప్ చేరింది, అక్కడి నుంచి ఓడలెక్కి మన దేశానికి వచ్చింది. ఇప్పుడు చైనా తర్వాత ప్రపంచంలో ఎక్కువ పండించేది మనమే. ఇంత దూరం వచ్చినా దాని తత్వం మాత్రం కొండ తత్వమే. రాత్రి ఉష్ణోగ్రత 20 డిగ్రీలు దాటితే చాలా రకాల్లో గడ్డ సరిగా ఊరదు. పగలు ఆకు తయారుచేసిన ఆహారంలో చాలా భాగం వెచ్చని రాత్రి మొక్క శ్వాసకే ఖర్చయిపోతుంది. గడ్డ కట్టమని ఆకు నుంచి కిందికి వెళ్ళే సంకేతం కూడా వేడికి బలహీనపడుతుంది. అప్పుడు మొక్క ఏపుగా, పచ్చగా, చూడముచ్చటగా పెరుగుతుంది. తవ్వితే గోళీలు దొరుకుతాయి.

ఇంగ్లండు వాళ్ళు ఏప్రిల్‌లో నాటి సెప్టెంబరులో తవ్వుతారు. శీతాకాలమంతా నిల్వ ఉంచుకునే పెద్దపంటను మెయిన్‌క్రాప్ అంటారు, అది 15 నుంచి 20 వారాలు తీసుకుంటుంది. వాళ్ళ వేసవి రాత్రి చలి మనకు మార్గశిర, పుష్య మాసాల్లో వస్తుంది. కాబట్టి మన పెద్దపంట యాసంగిలోనే. అంత పొడుగు చలికాలం మనకు లేదు గనక 90 నుంచి 100 రోజుల్లో మొక్క ఎదుగుదల ముగియాలి. వాళ్ళ తోట పుస్తకాలు చదివి, వీడియోలు చూసి ఆ నెలల ప్రకారం ఇక్కడ నాటితే పంట మొత్తం ఎండల పాలవుతుంది. ఈ మాట ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, మిద్దెతోటలు మొదలుపెట్టిన వాళ్ళలో చాలామంది మొదటి పంటను పోగొట్టుకునేది ఇక్కడే.

మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఆలుగడ్డ పండే ఊళ్ళు చూడండి. సంగారెడ్డి జిల్లాలో జహీరాబాద్, కోహీర్. చిత్తూరు జిల్లాలో పలమనేరు, వి.కోట ప్రాంతం. అన్నీ 2,000 అడుగుల ఎత్తున్న పీఠభూమి ఊళ్ళు. నేల ఒక్కటే కాదు, రాత్రి చలి ఆ పంటను అక్కడ నిలబెట్టింది. హైదరాబాద్‌లో డిసెంబరు రాత్రులు సగటున 15 డిగ్రీల దరిదాపుల్లో ఉంటాయి, పెరట్లో ధైర్యంగా వేసుకోవచ్చు. విజయవాడలో నడి చలికాలంలోనూ రాత్రి 18, 19 డిగ్రీలకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. కృష్ణా, గోదావరి జిల్లాల అక్కచెల్లెళ్ళకు, అన్నదమ్ములకు నా సలహా ఏమంటే, సరదాకు నాలుగు మొక్కలు పెట్టుకోండి, పంట మీద ఆశ పెట్టుకోకండి. మీ నేలకు కంద ఉంది, చేమ ఉంది, పెండలం ఉంది, చిలగడదుంప ఉంది. అవి మీ వాతావరణాన్ని ప్రేమించే దుంపలు. ఆలుగడ్డే కావాలనుకుంటే వేడిని కొంత తట్టుకునే కుఫ్రీ సూర్య రకం ప్రయత్నించండి. సిమ్లాలోని కేంద్రీయ బంగాళాదుంప పరిశోధన సంస్థ 2006లో విడుదల చేసిన రకం అది.

ఆ సంస్థ గురించి ఒక మాట. 1949లో పాట్నాలో మొదలై, 1956లో సిమ్లాకు మారింది. దాని రకాలన్నిటి పేర్లకూ ముందు కుఫ్రీ అని ఉంటుంది. సిమ్లా దగ్గరి కొండ ఊరు అది. మైదానాల్లో చలికాలపు పొట్టి పగళ్ళకు ఆలు మొక్క సరిగా పూయదు. పువ్వు లేనిదే రెండు రకాలను కలిపి కొత్తది పుట్టించడం కుదరదు. కుఫ్రీలో వేసవి పొడుగు పగళ్ళకు మొక్క బాగా పూస్తుంది, అందుకని సంకరణ పని అక్కడ జరుగుతుంది. ఈ సంగతి పెరటి రైతుకు కూడా అవసరమే. మీ మొక్క పూయలేదని, పూసినా రాలిపోయిందని బెంగపడకండి. దుంపకూ దానికీ సంబంధం లేదు.

మన పీఠభూమికి సరిపోయే రకాలు మూడు నాలుగున్నాయి. కుఫ్రీ జ్యోతి 1968 నాటిది, ఇప్పటికీ నమ్మకమైనది. కుఫ్రీ చంద్రముఖి కూడా అదే ఏడు వచ్చింది, త్వరగా చేతికొస్తుంది, కూరకు రుచి. 1972 నాటి కుఫ్రీ లవ్‌కర్‌ను దక్కన్ పీఠభూమి కోసమే ఎంచారు. 1998లో వచ్చిన కుఫ్రీ పుఖ్‌రాజ్ పసుపు ఛాయలో ఉంటుంది, దిగుబడి ఎక్కువ, నిల్వకు మాత్రం అంత బాగోదు. పెరట్లో మొదటిసారి వేసేవాళ్ళకు నేను జ్యోతినే చెబుతాను.

ఇక విత్తనం. వంటింట్లో మొలకెత్తిన దుంపను నాటేస్తే పోలేదా అంటారు. నేను వద్దంటాను. ఆలుగడ్డకు వైరస్ తెగుళ్ళు ఎక్కువ, వాటిని పేనుబంక ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకు అంటిస్తుంది. కళ్ళకు నున్నగా కనపడే దుంపలోనూ వైరస్ ఉండవచ్చు. మొక్క మొలిచాక ఆకు ముడుచుకుని గిడసబారిపోయినప్పుడు గానీ బయటపడదు. దక్షిణాదిలో పండిన దుంపనే ఏటా విత్తనంగా వాడుతూ పోతే దిగుబడి ఏటేటా పడిపోవడానికి కారణం ఇదే. వెనుకటికి మంచి విత్తనమంటే కొండల్లో పండిందే. మైదానంలో కూడా పండించే ఉపాయాన్ని సిమ్లా సంస్థ చేసి చూపింది, ఆ పనికి డాక్టర్ పుష్కర్‌నాథ్ పేరు చెబుతారు. ఉత్తరాది మైదానంలో పేనుబంక తక్కువగా ఉండే రోజుల్లో పంట పెంచి, అది పుంజుకోకముందే జనవరి మొదట్లో మొక్కల కాండాలు కోసేస్తారు. దుంపలోకి వైరస్ దిగే వ్యవధి ఉండదు. మన రైతులు విత్తనం ఉత్తరాది నుంచి తెప్పించుకునేది అందుకే. పెరటి మడికి మనకు కావలసింది మూడు కిలోలే గనక, ఆలు వేసే రైతును గానీ విత్తనాల దుకాణాన్ని గానీ ముందే అడిగి పెట్టుకోండి. దసరా నాటికి ఆ మాట అనుకుని ఉండాలి.

కోడిగుడ్డంత దుంప, 40 గ్రాముల బరువు, సరిగ్గా సరిపోతుంది. పెద్దది తెచ్చి ముక్కలు కోసి నాటడం చలిదేశాల్లో బాగా నడుస్తుంది. మన దగ్గర అక్టోబరు మట్టి ఇంకా వేడిగా, తడిగా ఉంటుంది, కోసిన ముక్క కుళ్ళే అవకాశం ఎక్కువ. తప్పనిసరైతే నిలువుగా, ఒక్కో ముక్కకు రెండు కళ్ళు ఉండేట్టు కోసి, రెండు మూడు రోజులు నీడలో ఆరబెట్టండి. కోసిన చోట తడి ఆరి, పలుచటి బెరడు కట్టాకే నాటాలి.

విత్తన దుంపను చేతిలోకి తీసుకుని ఒకసారి తిప్పి చూడండి. ఒక కొసన చిన్న మచ్చ ఉంటుంది, అది తల్లిమొక్కకు అతుక్కుని ఉన్న చోటు. రెండో కొసన కళ్ళు దగ్గరదగ్గరగా ఉంటాయి. అక్కడి నుంచి మచ్చ దాకా కళ్ళు మెలికలు తిరుగుతూ దిగుతాయి, కొమ్మ మీద ఆకులు పేర్చుకున్న క్రమంలోనే. ఎందుకంటే ఇది వేరు కాదు, ఉబ్బిన కాండం. ఒక్కో కన్నూ ఒక మొగ్గ. చిలగడదుంపకూ దీనికీ అసలు తేడా అక్కడుంది. కాండం కాబట్టే దీనికి వెలుతురు సోకితే పచ్చబడుతుంది. ఆ సంగతికి మళ్ళీ వస్తాను.

గిడ్డంగి నుంచి వచ్చిన విత్తనాన్ని వెంటనే నాటకండి. పది పదిహేను రోజులు వరండాలో, ఎండ పడని వెలుతురులో, వెడల్పు తట్టలో ఒకే వరసగా పరచండి. కళ్ళు ఎక్కువున్న కొస పైకి ఉండాలి. పొట్టిగా, బలంగా, ఊదారంగు కలిసిన పచ్చ మొలకలు వస్తాయి. చీకట్లో పెడితే తెల్లగా, సన్నగా, పొడుగ్గా సాగి, చెయ్యి తగిలితే విరిగిపోతాయి. ఈ పంటకు వెలుతురు చూపించాల్సిన ఘట్టం ఇదొక్కటే. ఆ రోజుల్లోనే ఏది మొలవదో, ఏది మెత్తబడుతోందో తెలిసిపోతుంది, ఏరి పారేయవచ్చు.

నాటే అదను అక్టోబరు నడిమి నుంచి నవంబరు నడిమి దాకా. దీపావళి అటూ ఇటూ అనుకోండి. నాటిన నెల, నెలా అయిదు రోజులకు గడ్డ కట్టడం మొదలవుతుంది. అంటే నవంబరు మొదటి వారంలో నాటితే డిసెంబరు మొదట్లో గడ్డ కట్టి, సంక్రాంతి చలిలో ఊరి, ఫిబ్రవరి నడిమికి తవ్వకానికి వస్తుంది. డిసెంబరు దాకా ఆగితే ఊరాల్సిన వేళకు ఎండలు వచ్చేస్తాయి.

ఎర్రమట్టి, ఇసుక కలిసిన గుల్ల నేల దీనికి బాగా నచ్చుతుంది. నల్లరేగడి అయితే ఇసుకా చివికిన ఆకు ఎరువూ దండిగా కలిపి బోదెలు ఎత్తుగా తీయాలి, లేకపోతే నీరు నిలిచి దుంప కుళ్ళుతుంది, ఎండితే మట్టి గట్టిపడి దుంప వంకరపోతుంది. పది అడుగుల పొడుగు, పది అడుగుల వెడల్పు మడి అనుకుందాం. దానికి 20, 25 కిలోల మాగిన పశువుల ఎరువు, కిలో వేపపిండి చాలు. మాగినది అన్న మాట గుర్తుంచుకోండి. పచ్చిపేడ వేస్తే వేరుపురుగు చేరుతుంది, దుంప మీద గజ్జి లేస్తుంది. పొయ్యి బూడిద చల్లే అలవాటు చాలా ఇళ్ళల్లో ఉంది, ఈ మడికి మాత్రం వద్దు, సున్నమూ వద్దు. మట్టి కాస్త పులుపు గుణంతో ఉంటేనే దుంప తొక్క నున్నగా వస్తుంది. ఇంకో షరతు, పోయిన పంట వంగ, టమాటా, మిరప అయి ఉండకూడదు. ఇవన్నీ ఆలుగడ్డకు దాయాదులు, వాటి ఎండు తెగులు మట్టిలో కాచుకుని ఉంటుంది. చిక్కుడు, ఆకుకూర, మొక్కజొన్న ఉన్న మడి ఎంచుకోండి.

రెండడుగులకో బోదె తీయండి. బోదె మీద జానెడు దూరానికో దుంపను, నాలుగు వేళ్ళ లోతున, మొలక పైకి ఉండేలా పెట్టి మట్టి కప్పండి. ఆ మడికి 70 దుంపలు పడతాయి, అంటే మూడు కిలోల లోపు విత్తనం. ఒక్కో మొక్కకు 300 గ్రాముల లెక్కన 20 కిలోలు తవ్వితే బాగా పండినట్టు. దేశం మొత్తం మీద రైతుల సగటు కూడా హెక్టారుకు 25 టన్నుల దరిదాపుల్లోనే ఉంది, మన మడికి లెక్కేస్తే దాదాపు అంతే వస్తుంది. ఒక్క బస్తాలో 20 కిలోలు అని ఎవరైనా చూపిస్తే నమ్మకండి.

బస్తా మాట వచ్చింది గనక మిద్దె మీది వాళ్ళకు రెండు మాటలు. అడుగున్నర వెడల్పు సంచిలో రెండు మొక్కలు, మహా అయితే మూడు. మూడో వంతు మట్టి నింపి నాటి, మొక్క లేచేకొద్దీ పైన నింపుతూ పోవాలి. సంచి ఎత్తు పెంచినంత మాత్రాన దుంపలు అంతస్తులు అంతస్తులుగా కాయవు. మిద్దె మీద అసలు ఇబ్బంది వేడి. పగటి ఎండకు సంచి గోడ కాగి మట్టి వేడెక్కుతుంది. మధ్యాహ్నం తర్వాత నీడ వచ్చే చోట పెట్టి, సంచి చుట్టూ తడి గోనెపట్టా చుట్టండి.

ఇప్పుడు చీకటి దగ్గరికి వద్దాం. మొక్క పదిహేను రోజుల్లో పైకొస్తుంది. నెల తిరిగేసరికి జానెడు ఎత్తవుతుంది. అప్పుడు కాలువలోని మట్టిని రెండు వైపుల నుంచీ మొదట్లోకి ఎగదోయాలి, మొక్క సగం దాకా మునిగినా పర్వాలేదు. మళ్ళీ రెండు మూడు వారాలకు ఇంకోసారి. ఈ పని దేనికో తెలియాలంటే, నలభై రోజులప్పుడు ఓ మొక్క పక్కన చేతివేళ్ళతో మట్టి మెల్లగా తొలగించి చూడండి. గోధుమరంగు సన్నటి వేళ్ళ మధ్య తెల్లగా, నున్నగా, కాస్త లావుగా ఉన్న దారాలు అడ్డంగా పాకుతూ కనిపిస్తాయి. వాటికి నూగు వేళ్ళుండవు. అవి భూమిలో పెరిగే కొమ్మలు. కొస కొక్కెంలా వంగి ఉంటుంది, ఆ వంపు దగ్గర చిన్న ఉబ్బు. అదే రేపటి దుంప. ఆ దారం చీకట్లో ఉంటే గడ్డ కడుతుంది, మట్టి చాలక వెలుతురు తగిలిందంటే మామూలు కొమ్మగా మారి ఆకు వేస్తుంది. చూశాక మట్టి తిరిగి కప్పడం మరిచిపోకండి.

మట్టి ఎగదోస్తే ఇంకో మేలు కూడా ఉంది. దక్కన్‌లో దుంప తొలిచే పురుగు బెడద ఎక్కువ. దాని తల్లి రాత్రిపూట ఎగిరే చిన్న బూడిదరంగు రెక్కల పురుగు. బయటపడిన దుంప కంటి దగ్గర గుడ్డు పెడుతుంది. మట్టి పగుళ్ళు కప్పి ఉంచితే దానికి దారి దొరకదు.

నీళ్ళు కొద్దికొద్దిగా, తరచుగా. కాలువలో పారించండి, బోదె మూడింట రెండు వంతుల దాకా తడిస్తే చాలు, నెత్తి మీదికి ఎక్కనివ్వకండి. గడ్డ ఊరే నలభై రోజుల్లో ఓ వారం ఎండబెట్టి, ఆపైన ఒక్కసారిగా ముంచితే దుంప పగులుతుంది, లేదా పక్కల నుంచి బొడిపెలు లేచి వికారంగా తయారవుతుంది. ఆకు మరీ ముదురుపచ్చగా, విపరీతంగా పెరుగుతుంటే నత్రజని ఎక్కువైందని అర్థం. యూరియా వేస్తుంటే ఆపేయండి, ఆ బలమంతా ఆకులకే పోతోంది.

నవంబరు, డిసెంబరుల్లో బంగాళాఖాతంలో వాయుగుండం పడితే మనకు మూడు నాలుగు రోజులు ముసురు. చలీ తేమా కలిసిన ఆ రోజులే ఆకుమాడు తెగులుకు పండగ. ఆకు అంచున నీళ్ళలో నానినట్టుండే మచ్చ లేచి, నల్లబడి, అడుగున తెల్లటి బూజు కనిపిస్తుంది. 1845లో ఐర్లండును పట్టుకున్నది ఈ తెగులే. ఆ దేశపు బీదజనం దాదాపు ఒకే రకం దుంప మీద ఆధారపడి బతికేవారు. వరసగా పంటలు పోయి పది లక్షల మంది దాకా చనిపోయారు, మరో పది లక్షల మంది ఊళ్ళు విడిచి ఓడలెక్కారు. పెరట్లో మనకు అంత ప్రమాదం లేదు. కానీ వాన వెలిసిన రోజే మడిలో నీరు తీసేయండి, బోర్డో మిశ్రమం ఒకసారి చల్లండి. వంద గ్రాముల మైలుతుత్తాన్ని అయిదు లీటర్ల నీళ్ళలో, వంద గ్రాముల సున్నాన్ని ఇంకో అయిదు లీటర్లలో విడివిడిగా కరిగించాలి. మైలుతుత్తం నీళ్ళను సున్నం నీళ్ళలోకి పోస్తూ కర్రతో కలపాలి. ప్లాస్టిక్ బకెట్టు గానీ మట్టికుండ గానీ వాడండి, లోహపు పాత్ర వద్దు. సరిగా కుదిరిందో లేదో చూడటానికి నున్నటి ఇనుప చాకును ఓ నిమిషం ముంచి తీయండి. ఎర్రటి రాగి పూత పట్టిందంటే సున్నం చాలలేదన్నమాట, ఇంకాస్త వేయండి. చాకు మామూలుగా ఉంటే మందు సిద్ధం. అదే రోజు చల్లేయాలి, నిల్వ ఉంచితే పనికిరాదు. ఆకు మీద గుండ్రటి వలయాలుగా గోధుమరంగు మచ్చలు వస్తే అది వేరే తెగులు. అడుగు ఆకులు తుంచి మడి బయట పడేయండి.

ఎనభై, ఎనభై అయిదు రోజులకు అడుగు ఆకులు పసుపు తిరుగుతాయి, మొక్క వాలిపోతుంది. ఈ దశలో చాలామంది ఉండబట్టలేక తవ్వేస్తారు. కూరకు ఒకటి రెండు మొక్కలు తవ్వుకోండి, కాదనను, లేత ఆలుగడ్డ రుచే వేరు. నిల్వ ఉంచాల్సిన పంట మాత్రం అప్పుడే తవ్వకూడదు. ముందు నీళ్ళు ఆపండి. పది రోజులకు కాండాలను నేలమట్టానికి కోసి బయట పడేయండి. దుంపల్ని మాత్రం మట్టిలోనే మరో పది పదిహేను రోజులు వదిలేయండి. ఈ పక్షం రోజుల్లోనే తొక్క ముదురుతుంది. మీరు వేసిన ఎరువులన్నిటికన్నా ఈ ఓపికే దుంపను ఎక్కువ కాలం కాపాడుతుంది. ఆకుమాడు తెగులు తగిలిన మడిలో ఈ ఎడం ఇంకా ముఖ్యం, ఆకుల మీది బూజు తవ్వేటప్పుడు దుంపకు అంటకుండా ఉంటుంది.

ముదిరిందో లేదో బొటనవేలే చెబుతుంది. ఒక దుంప తీసి, మట్టి తుడిచి, బొటనవేలితో గట్టిగా పక్కకు రుద్దండి. పొర ఊడి వేలికి అంటుకుంటే ఇంకా పచ్చిదే, మళ్ళీ అయిదారు రోజులు ఆగండి. వేలు జారిపోయి తొక్క కదలకపోతే తవ్వకానికి సిద్ధం.

పొడి రోజు చూసుకుని పొద్దున్నే మొదలుపెట్టండి. పారను మొక్క మొదట్లో వేయకండి. బోదె పక్కన, మొదటికి అడుగు దూరంలో దించి, మట్టిని కింద నుంచి పైకి ఎత్తి తిరగేయండి. మిగతాది చేతులతో వెతకాలి. పిల్లల్ని పిలవండి, ఈ పని వాళ్ళు మనకన్నా బాగా చేస్తారు. ఒక్క దుంపా మట్టిలో వదలకుండా ఏరండి, మిగిలిపోయినది వచ్చే ఏడు తెగుళ్ళతో సహా లేస్తుంది. బుట్టలోకి విసరకండి. పైకి ఏమీ కనపడదు గానీ దెబ్బ తగిలిన చోట లోపల నల్లబడి, వారానికి కుళ్ళుతుంది. పార తెగ్గొట్టినవి విడిగా పెట్టి ఆ రోజే వండేయండి.

తవ్వినవి గంటా రెండు గంటలు నీడలో ఆరనివ్వండి. ఎండలో వద్దు, కడగనూ వద్దు. అంటిన మట్టి ఎండి దానంతటదే రాలుతుంది. రాత్రి మడిలోనో ఆరుబయటో వదిలేయకండి, కోసిన కాండాలు మీద కప్పకండి, ఆ రెక్కల పురుగు కాచుకుని ఉంటుంది. ఇంట్లో చల్లటి మూల, గాలి ఆడే చోట, ఇటుకల మీద వెదురు తడకో పాత గోనెపట్టానో పరిచి, అడుగు ఎత్తుకు మించకుండా పోయండి. కిందా పైనా ఎండిన జామాయిల్ ఆకు అంగుళం మందాన పరిస్తే దుంప తొలిచే పురుగు దగ్గరకు రాదు. పైన ముదురురంగు గుడ్డ కప్పి చీకటి చేయండి. మొదటి రెండు వారాల్లో చిన్నచిన్న గాయాలు వాటంతటవే మానతాయి. ఆపైన వారానికోసారి చూసి, మెత్తబడినది వాసన రాకముందే తీసేయాలి. ఇలా ఉంచితే ఏప్రిల్ ఎండలు ముదిరే దాకా మీ దుంప మీకొస్తుంది. శీతల గిడ్డంగి లేని ఇంట్లో అంతకు మించి ఆశించకూడదు.

పచ్చబడ్డ దుంప సంగతికి మళ్ళీ వస్తానన్నాను. వెలుతురు తగిలిన దుంపలో ఆకుపచ్చ రంగు పుడుతుంది. ఆ రంగు వల్ల హాని లేదు. కానీ దానితో పాటే సోలనిన్ అనే విషపదార్థం కూడా పెరుగుతుంది, చేదు తగిలేది దానివల్లే. ఉడికించినా వేయించినా అది పోదు. కొద్దిగా పచ్చబడితే ఆ భాగాన్ని లోతుగా కోసి పారేయండి, దుంపంతా పచ్చబడితే వండనే వద్దు, పశువులకూ వేయకండి. వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. అరుదుగా మీ మొక్క పూసి, కాసినా జాగ్రత్తే. ఆ కాయ చిన్న పచ్చి టమాటాలా ఉంటుంది, పిల్లలు నోట్లో పెట్టుకునేలా ఉంటుంది. అది విషం. కనపడగానే తుంచేయండి.

తవ్విన మడి ఫిబ్రవరిలో గుల్లగా, ఎరువు సారంతో మిగులుతుంది. ఇంకో పంటకు అంతకన్నా తయారైన నేల దొరకదు. ఒక్క తడి ఇచ్చి గోరుచిక్కుడు గానీ, అలసంద గానీ, తోటకూర గానీ చల్లేయండి. వంగా టమాటా మిరపా మాత్రం ఆ మడి దరిదాపులకు రెండేళ్ళ దాకా రానివ్వకండి. వచ్చే దీపావళికి ఆలుగడ్డను కూడా పక్క మడికి మార్చండి.